జయాన్ నారోస్‌లో ఏటికి ఎదురు నడవాలంటే: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్క్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "నారోస్‌కి ఏ బూట్లు వేసుకోవాలి?" బూట్ల సంగతి తర్వాత చెప్తాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజు ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలి? ఈ దారిలో ఇబ్బంది పడినవాళ్ళని నేను చూసినంతలో, ఎక్కువమంది దగ్గర సామాను బాగానే ఉంది. లేనిది వెనక్కి తిరిగే సమయమే. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ లేదు.

నారోస్ అంటే వర్జిన్ నది ఉత్తర పాయ కోసుకుంటూ వచ్చిన ఇరుకు లోయ. రెండు పక్కలా వెయ్యి అడుగుల ఇసుకరాతి గోడలు. కొన్నిచోట్ల ఆ గోడల మధ్య దూరం ఇరవై, ముప్పై అడుగులే. గట్టు ఉండదు, ఏరే దారి. నీళ్ళలో దిగి, ప్రవాహానికి ఎదురుగా నడుచుకుంటూ పైకి వెళ్ళి, అదే దారిలో తిరిగి రావాలి. 1872లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ లోయలోంచి దిగి వచ్చి, దీనికి నారోస్ అని పేరు పెట్టాడు.

కింది నుంచా, పై నుంచా

రెండు పద్ధతులున్నాయి. పైన చాంబర్లెయిన్స్ రాంచ్ దగ్గర మొదలుపెట్టి 16 మైళ్ళు కిందికి నడవడం ఒకటి. దానికి పర్మిట్ కావాలి, పైదాకా దింపే బండి కావాలి, పొద్దున్నించి చీకటి పడేదాకా నడిచే ఒళ్ళు కావాలి. లేదా లోయలోనే ఒక రాత్రి ఉండాలి. రెండోది, టెంపుల్ ఆఫ్ సినవావా అనే చివరి బస్ స్టాప్ దగ్గర మొదలుపెట్టి కింది నుంచి పైకి, ఓపికున్నంత దూరం వెళ్ళి తిరిగి రావడం. దీనికి పర్మిట్ అక్కర్లేదు. బిగ్ స్ప్రింగ్ అనే ఊట దగ్గర ఆగిపోవాలి, అంతే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇంకో ఆలోచన లేకుండా రెండోదే పెట్టుకోండి. లోయలో అందమైన భాగమంతా ఈ కింది సగంలోనే ఉంది. పైగా ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. పై నుంచి వచ్చేవాళ్ళకి ఆ వీలు ఉండదు. ఈ మార్గదర్శి అంతా కింది నుంచి వెళ్ళేవాళ్ళ కోసమే.

నీళ్ళ లెక్క చూసుకోవడం

బయలుదేరే ముందు రోజు, మళ్ళీ ఆ రోజు పొద్దున, రెండు విషయాలు చూడాలి.

మొదటిది ప్రవాహం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ స్ప్రింగ్‌డేల్ దగ్గర వర్జిన్ నదిని కొలిచి, ఆ అంకెల్ని ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెడుతుంది. కొలత క్యూసెక్కుల్లోనే, అంటే సెకనుకి ఇన్ని ఘనపుటడుగులు. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే పార్క్ వాళ్ళు నారోస్ మూసేస్తారు. వరదల వార్తల్లో లక్షల క్యూసెక్కులు వింటూ పెరిగిన మనకి 150 ఒక లెక్కలా అనిపించదు. కానీ అది సెకనుకి నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. అదంతా ఒక ఇంటి హాలంత వెడల్పులోంచి మీ మోకాళ్ళని తోసుకుంటూ వస్తుంది. నా అనుభవంలో 50కి లోపు ఉంటే నడక హాయిగా ఉంటుంది. 70 దాటితే ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. 100 దాటితే పొట్టివాళ్ళు, పిల్లలు, నీళ్ళంటే భయమున్నవాళ్ళు రాకపోవడమే మంచిది. ఆ రోజు లోతు ఎంతుందో కూడా ఈ అంకెని బట్టే తెలుస్తుంది. తక్కువ ఉన్న రోజు మోకాలి లోతున్న చోటే, ఎక్కువ ఉన్న రోజు నడుం దాకా వస్తుంది.

రెండోది ఆకస్మిక వరద సూచన. వాతావరణ శాఖ ఈ లోయల కోసం రోజూ ఒక మాట చెప్తుంది. 'రాదు', 'రావచ్చు', 'వచ్చే అవకాశం ఎక్కువ', 'వస్తుంది' అని నాలుగు మెట్లుంటాయి. విజిటర్ సెంటర్ దగ్గర కూడా ఇది రాసి పెడతారు. 'రావచ్చు' అన్నది చూసి, "ఎప్పుడూ అలాగే రాస్తారులే" అనుకునేవాళ్ళు చాలామంది. నేనైతే ఆ రోజు లోపలికి పోను. వెళ్ళినా దారి మొదట్లోనే వచ్చే మిస్టరీ ఫాల్స్ అనే జలపాతం దాటను. వరద హెచ్చరిక జారీ అయితే పార్క్ వాళ్ళు దారి మూసేస్తారు, హెచ్చరిక ఎత్తేశాక రెండు గంటలు గడిచేదాకా తెరవరు. అయితే హెచ్చరిక వచ్చేసరికి మీరు లోపల ఉంటే ఆ కబురు మీకు చేరదు. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు.

ఏ నెలలో

పైన మంచు కరిగే మార్చి నడుమ నుంచి మే చివరి దాకా నది ఉరవడిగా ఉంటుంది, దారి తరచూ మూసే ఉంటుంది. జూన్‌లో తెరిచాక జనం పోటెత్తుతారు. జూలై నడుమ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుముల వానలు పడే కాలం, వరద భయం అప్పుడే ఎక్కువ. చలికాలంలో నీళ్ళు మంచుగడ్డకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఒళ్ళంతా కప్పే డ్రైసూట్ లేకుండా అప్పుడు దిగకూడదు. 2022 నవంబరులో ఇదే లోయలో చలికి ఒంటి వేడి పడిపోయి ఒకరు చనిపోయారు.

నన్నడిగితే సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు నడిమి దాకా వెళ్ళండి. వానలు తగ్గుతాయి, నీళ్ళు తేటగా, తక్కువగా ఉంటాయి. నీరు చల్లగానే ఉంటుంది కానీ సరైన సాక్సు ఉంటే తట్టుకోవచ్చు.

కాళ్ళకి, చేతికి, ఒంటికి

ఏటి అడుగంతా పనసకాయంత, పుచ్చకాయంత గుండ్రాళ్ళు. మీద పాకుడు. పక్కపక్కనే ఉన్నా ఒకటి కదులుతుంది, ఒకటి కదలదు. నీళ్ళు కలకబారితే అవి కంటికి కనిపించవు కూడా. చెప్పులు, శాండిల్స్, క్రాక్స్ పనికిరావు. కాలివేళ్ళు రాళ్ళ మధ్య నలుగుతాయి. ముందు భాగం మూసి ఉండి, చీలమండని పట్టి ఉంచే బూట్లు కావాలి. పార్క్ గేటు బయటే ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో బూట్లు, నియోప్రీన్ అనే రబ్బరు లాంటి మందపాటి గుడ్డతో చేసిన సాక్సు, కర్ర మూడూ కలిపి అద్దెకిస్తారు. ముందు రోజు సాయంత్రమే తెచ్చుకోండి. పొద్దున్నే క్యూలో నిలబడితే గంట పోతుంది. ఆ గంట విలువ మధ్యాహ్నం తెలుస్తుంది. బూటు కొలత చూసుకునేటప్పుడు ఆ మందపాటి సాక్సు వేసుకునే చూడండి. వేళ్ళు కదలాలి, మడమ లేవకూడదు.

నియోప్రీన్ సాక్సు నీళ్ళని ఆపదు. లోపలికి వచ్చిన కాసిని నీళ్ళని మీ ఒంటి వేడితోనే వెచ్చబెట్టి పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో కూడా వదలొద్దు. మొదటిసారి నేను మామూలు స్పోర్ట్స్ షూ, నూలు సాక్సుతో దిగాను. గంటన్నరకి పాదాలు మొద్దుబారాయి. మొద్దుబారిన పాదానికి రాయి గుండ్రంగా ఉందో పలకగా ఉందో తెలియదు, అప్పుడే పడతాం.

కర్ర గురించి గట్టిగా చెప్తాను. ఇది మూడో కాలు. భుజం ఎత్తుండే, బొటనవేలి కన్నా లావున్న చెక్క కర్ర కావాలి. మడతపెట్టే ట్రెక్కింగ్ కర్రలు సన్నగా ఉంటాయి, రాళ్ళ సందున ఇరుక్కుని వంగిపోతాయి. నాది అలాగే వంగింది. లోయలో చెట్ల కొమ్మలు విరవడం నిషేధం.

ఒంటి మీద నూలు బట్టలు వద్దు. తడిసిన నూలు బరువెక్కుతుంది, త్వరగా ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. బయట నలభై డిగ్రీల ఎండ కాస్తున్నా లోయ అడుగుకి ఎండ పడేది కొద్దిసేపే. అందుకని ఒక పల్చటి ఊలు లేదా ఫ్లీస్ చొక్కా, గాలి ఆపే జాకెట్ సంచిలో ఉండాలి. వాటిని, ఫోన్‌ని, తిండిని నీళ్ళు చొరని డ్రైబ్యాగ్‌లో పెట్టి, ఆ బ్యాగ్‌ని భుజాల సంచిలో పెట్టండి. సంచి ఎంత పైకి ఉంటే అంత మంచిది.

తాగే నీళ్ళు మనిషికి మూడు లీటర్ల దాకా మోసుకెళ్ళాలి. చుట్టూ ఏరు పారుతుంటే ఈ బరువెందుకు అనిపిస్తుంది. కానీ ఈ నదిలో 2020 నుంచి విషాన్ని విడుదల చేసే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి కనిపిస్తోంది. మామూలు ఫిల్టర్లు ఆ విషాన్ని తీసెయ్యవు. నది నీళ్ళు తాగొద్దు, తల ముంచొద్దు, చేతులు శుభ్రం చేసుకోకుండా తినొద్దు. పిల్లలకి ఇది ముందే చెప్పండి. నీళ్ళు కనిపిస్తే వాళ్ళు ఆగరు.

పొద్దున్నే బస్సు

మార్చి నుంచి నవంబరు దాకా లోయలోకి సొంత కార్లని అనుమతించరు. విజిటర్ సెంటర్ దగ్గర ఉచిత షటిల్ బస్సు ఎక్కాలి. చివరి స్టాప్‌కి ముప్పావు గంట పడుతుంది. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది కాబట్టి, స్ప్రింగ్‌డేల్‌లో బస చేసి ఊళ్ళో తిరిగే ఉచిత బస్సులో గేటు దాకా రావడం సుఖం. లాస్ వేగస్ నుంచి కారులో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. వేసవి, చలికాలం ఏదైనా యూటా గడియారం నెవాడా కన్నా గంట ముందుంటుంది. రెండున్నర, మూడు గంటల ప్రయాణమే అయినా, గడియారంలో ఇంకో గంట పోతుంది. చివరి షటిల్ ఎన్ని గంటలకో పొద్దున్నే ఫోటో తీసుకోండి. అది తప్పితే చీకట్లో దాదాపు ఎనిమిది మైళ్ళు నడవాలి.

టెంపుల్ ఆఫ్ సినవావా దగ్గర మరుగుదొడ్లు, నీళ్ళ కుళాయి ఉన్నాయి. తర్వాత ఏమీ లేవు. మలవిసర్జన సంచి ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఇరుకు లోయలో గొయ్యి తవ్వే చోటు ఉండదు, ఏది వదిలినా నదిలోకే పోతుంది.

నీళ్ళలో అడుగు వెయ్యడం

బస్సు దిగాక మొదటి మైలు రివర్‌సైడ్ వాక్ అనే చదునైన బాట. పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు కూడా ఇక్కడిదాకా హాయిగా రావచ్చు. బాట చివర మెట్లు దిగితే నది. అక్కడే ఆగి, ఐదు నిమిషాలు నీళ్ళని చూడండి. ఆ ఐదు నిమిషాలు తర్వాత గంట మిగులుస్తాయి.

నీళ్ళు నునుపుగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నచోట లోతు. చిన్న చిన్న అలలుగా విరుగుతూ, చప్పుడు చేస్తూ పోయేచోట లోతు తక్కువ. వంపు తిరిగేచోట నది బయటి వైపు గోడని తవ్వుతుంది, లోపలి వైపు ఇసుకమేట వేస్తుంది. కాబట్టి మీ దారి ఒక మేట నుంచి అవతలి వైపు మేటకి, అక్కడి నుంచి మళ్ళీ ఇవతలికి, అల్లికలా సాగాలి. వెడల్పైన చోట దాటాలి. వెడల్పుంటే లోతుండదు. దగ్గర దారి కదా అని ఇరుకులో దాటేవాళ్ళే నడుం లోతులో దిగబడతారు.

దాటేటప్పుడు కర్రని ప్రవాహం వచ్చే వైపు, కొంచెం ముందుగా గుచ్చి, దాని మీద ఒరగండి. కర్ర, రెండు కాళ్ళు: ఈ మూడింట్లో ఒకేసారి ఒకటే కదలాలి. పాదం ఎత్తి వెయ్యొద్దు. అడుగున తడుముతూ జరపండి. రాయి నెత్తిన కాకుండా రాళ్ళ మధ్యన ఉన్న ఇసుక మీదో, గులకరాళ్ళ మీదో పాదం ఆనాలి. అయితే వడి ఎక్కువున్న చోట బిగుతుగా ఉన్న సందులో పాదం దూర్చొద్దు. అక్కడ ఇరుక్కుంటే నీళ్ళు మనిషిని వంచేస్తాయి. మొహం ప్రవాహం వైపు పెట్టి పక్కకి అడుగులేస్తే మోకాళ్ళు వంగినా పట్టు పోదు. వీపు చూపిస్తే మోకాలి వెనక తగిలే నీళ్ళే కూలదోస్తాయి.

లోతున్న చోటికి వచ్చే ముందు సంచి నడుం బెల్టు విప్పండి. పడితే సంచి వదిలించుకోగలగాలి. గుంపులో ఉంటే బలమైన మనిషి ప్రవాహం వచ్చే వైపు నిలబడాలి, మిగతావాళ్ళు అతని వెనక వరసలో, ఒకరి సంచి ఒకరు పట్టుకుని కదలాలి. ముందున్న మనిషి ప్రవాహాన్ని చీలుస్తాడు, వెనక కాస్త నెమ్మది నీరు దొరుకుతుంది. ఒకవేళ కాలు జారి కొట్టుకుపోతుంటే వెంటనే లేచి నిలబడే ప్రయత్నం చెయ్యొద్దు. వెల్లకిలా తిరిగి, పాదాలు ప్రవాహం పోయే వైపుకి పెట్టి, లోతు తగ్గేదాకా తేలండి.

మొదటి అరగంట నడక నత్తనడకలా అనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. ఎదురు ప్రవాహంలో గంటకి మైలు నడిస్తే మంచి వేగమే.

దారిలో ఏముంది

ఏట్లో దిగిన అర మైలు లోపే గోడ మీంచి జారుతూ దిగే మిస్టరీ ఫాల్స్ కనిపిస్తుంది. పిల్లలతో వచ్చినవాళ్ళకి ఇదే మంచి గమ్యం.

బస్ స్టాప్ నుంచి సుమారు రెండున్నర మైళ్ళ దగ్గర కుడివైపు నుంచి ఆర్డర్‌విల్ లోయ వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి వాల్ స్ట్రీట్ అనే భాగం. ఈ నడక చేసేది దీని కోసమే. గోడలు దగ్గరకొస్తాయి, ఆకాశం ఒక పీలికవుతుంది, ఎండ పైనెక్కడో ఎర్రటి రాతి మీద పడి, ఆ రంగు గోడ నుంచి గోడకి దిగుతూ నీళ్ళ మీదికి వస్తుంది. ఎవరూ గట్టిగా మాట్లాడరు. గోడల మీద అక్కడక్కడ నీళ్ళు ఊరుతూ, నాచు, ఫెర్న్ మొక్కలు వేలాడుతుంటాయి. పైనున్న నవాహో ఇసుకరాయిలో ఇంకిన వాన, కింద నీటిని ఇంకనివ్వని కయెంటా పొర తగిలాక పక్కకి వచ్చి ఊటలా కారుతుంది. ఈ తడి గోడల మీద బతికే ఒక చిన్న నత్త ప్రపంచంలో జయాన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకని గోడల మీది మొక్కల్ని ముట్టుకోవద్దు.

వాల్ స్ట్రీట్ చూసి తిరిగి వస్తే ఐదారు గంటల నడక. నా లెక్కలో చాలామందికి ఇది చాలు. బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్ళిరావడం పది మైళ్ళు, ఎనిమిది గంటలకి తక్కువ కాదు. పైభాగంలో బండలు పెద్దవి, మడుగులు లోతు. మొదటి షటిల్‌లో వచ్చి, కాళ్ళలో బలముంటేనే పెట్టుకోండి.

వరద గుర్తులు

మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉండొచ్చు. మైళ్ళ అవతల రాతి నేల మీద పడిన వాన ఇంకదు, అంతా ఈ సందులోకే వస్తుంది. 2015 సెప్టెంబరులో ఇదే పార్క్‌లోని కీహోల్ అనే ఇరుకు లోయలో వరద వచ్చి ఏడుగురు చనిపోయారు. 2022 ఆగస్టులో నారోస్‌లోనే ఒకరు కొట్టుకుపోయారు.

గుర్తులివి: తేట నీరు హఠాత్తుగా బురదరంగు తిరగడం, పుల్లలూ ఆకులూ కొట్టుకురావడం, వడి పెరగడం, పై నుంచి హోరు దగ్గరవడం, ఉరుము వినిపించడం. ఒక్కటి కనిపించినా ఫోటోలు ఆపి ఎత్తైన చోటికి ఎక్కండి. నాలుగడుగులు ఎత్తైనా ప్రాణం నిలుపుతుంది. వరదతో పందెం వేసుకుని బయటికి పరుగెత్తొద్దు. ఎక్కిన చోటే ఉండండి. సాధారణంగా ఒక రోజులోపు నీరు తగ్గుతుంది. అందుకే సంచిలో వెచ్చటి చొక్కాతో పాటు తలకి కట్టుకునే దీపం, అదనపు తిండి కూడా ఉండాలి. వాల్ స్ట్రీట్‌లో ఎక్కడానికి చోటు చాలా తక్కువ. దాంట్లోకి అడుగుపెట్టే ముందు ఒకసారి ఆగి ఆకాశం చూడండి, నీటి రంగు చూడండి. నడుస్తున్నంతసేపూ "ఇప్పుడు వస్తే ఎక్కడికి ఎక్కాలి?" అని చూసుకుంటూ ఉండండి. అది టెన్షన్ పడటం కాదు, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడటం లాంటిది.

వెనక్కి తిరగడం

మొదట చెప్పిన మాటకి వస్తున్నాను. చివరి షటిల్ సమయం తీసుకోండి. దాంట్లోంచి రెండు గంటలు తీసెయ్యండి, ఆలస్యాలకి. మిగిలిన సమయాన్ని సగం చెయ్యండి. సగం అవగానే తిరగాలి, ఎక్కడున్నా సరే. పొద్దున ఏడున్నరకి దిగి, సాయంత్రం నాలుగున్నరకి బస్ స్టాప్‌లో ఉండాలనుకుంటే పన్నెండుకి తిరగాలి. గుంపులో అందరికీ ఈ సమయం తెలియాలి, ఒకరి ఫోన్‌లో అలారం మోగాలి. "ఆ వంపు దాకా వెళ్ళి చూద్దాం" అని ప్రతి వంపు దగ్గరా అనిపిస్తుంది. అలా మూడు వంపులకి గంట పోతుంది. మొదటిసారి నాకు పోయింది, చీకటి పడుతుండగా వణుకుతూ బయటపడ్డాను.

తిరుగుదారి వేగంగా సాగుతుంది కాబట్టి తేలిక అనుకుంటారు. కానీ అప్పుడు నీళ్ళు వెనక నుంచి తోస్తాయి, తొడలు అలసి ఉంటాయి, మనసు బస్సులో ఉంటుంది. జారిపడటాలు ఎక్కువగా అప్పుడే చూశాను. కర్రని ముందు గుచ్చి దాని వెనక నడవండి. గంటకోసారి ఇసుకమేట మీద కూర్చుని ఏదైనా తినండి. ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట తడబడుతున్నా, ఊరికే తూలుతున్నా అది చలి లోపలికి దిగిందనడానికి గుర్తు. వెంటనే తడి చొక్కా తీసి పొడిది వేయించండి, తీపి ఏదైనా తినిపించండి, మధ్యలో పెట్టుకుని నడిపించండి.

మెట్లెక్కి బాట మీదికి వచ్చాక బూట్లు విప్పి ఇసుక దులుపుకోండి. ఇంకా ఒక మైలు నడవాలి. సాక్సులో ఇసుకతో నడిస్తే రోజంతా లేని పొక్కులు ఆ మైలులో వస్తాయి. డ్రైబ్యాగ్‌లో ఒక జత పొడి సాక్సు పెట్టుకుని ఉంటే, వాటిని తీసి వేసుకోవాల్సింది ఇక్కడే.